ఓపెన్ సోర్సే కదా, కలిపేస్తే పోలా?

ఇంట్లో పాత పీసీని స్టోరేజ్ సర్వర్‌గా వాడుతున్నా. ఫొటోలు, ఫోన్ బ్యాకప్‌లు అన్నీ జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లోనే. ఆ మధ్య లైనక్స్ కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొడితే డిస్కులు మౌంట్ కాలేదు. కొత్త కెర్నల్‌కి జెడ్ఎఫ్ఎస్ మాడ్యూల్ బిల్డ్ అవ్వలేదు. పాత కెర్నల్‌తో బూట్ చేసి గట్టెక్కా.

బగ్ అనుకుంటాం కానీ, దీని మూలం లైసెన్స్‌లో ఉంది. జెడ్ఎఫ్ఎస్ కూడా ఈఎక్స్‌టీ4 లాగా కెర్నల్ లోపలే ఉంటే, కెర్నల్ మార్చేవాళ్లే దాన్నీ సరిచేసేవాళ్లు. బయట ఉంది కాబట్టి ప్రతిసారీ వెనకాల పరిగెత్తాలి.

లైనక్స్‌ది జీపీఎల్ వెర్షన్ 2. అందులో కలిపిన కోడ్ మొత్తం అదే లైసెన్స్ కింద ఇవ్వాలంటుంది. జెడ్ఎఫ్ఎస్‌ని సన్ కంపెనీ 2005లో ఓపెన్ సొలారిస్‌తో పాటు సీడీడీఎల్ కింద ఇచ్చింది. నా ఫైళ్లు నా లైసెన్స్‌లోనే ఉండాలని అది పట్టుబడుతుంది. రెండూ ఓపెన్ సోర్సే, కానీ ఒకే ఒరలో రెండు కత్తులు. బీఎస్‌డీ లైసెన్స్‌కి ఈ పట్టింపు లేదు. అందుకే ఫ్రీబీఎస్‌డీ 2008లోనే 7.0తో జెడ్ఎఫ్ఎస్ ఇచ్చేసింది. మీ ఐఫోన్ కెర్నల్‌లో బీఎస్‌డీ కోడ్ ఉండటానికి కారణం కూడా ఈ ఉదారతే.

2016లో ఉబుంటు 16.04 ధైర్యం చేసి జెడ్ఎఫ్ఎస్ మాడ్యూల్‌ని బిల్డ్ చేసి మరీ ఇచ్చింది. అది జీపీఎల్ ఉల్లంఘనేనని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ చెప్పింది. ఉల్లంఘన కాదని ఉబుంటు కంపెనీ కానోనికల్ వాదించింది. 2020లో లైనస్ టోర్వాల్డ్స్ అయితే, ఒరాకిల్ సంతకం చేసిన అధికారిక లేఖ వచ్చేదాకా ఆ కోడ్ కలపనని తేల్చేశాడు.

చాలామంది దీనికి జీపీఎల్‌నే తిడతారు. నేను ఒప్పుకోను. ఫోన్ కంపెనీలు ఆండ్రాయిడ్ కెర్నల్ సోర్స్ బయటపెట్టాల్సి వస్తోందంటే జీపీఎల్ వల్లే. (కొన్ని ఆలస్యం చేస్తాయి, అది వేరే గొడవ.) మన కస్టమ్ రోమ్‌లు బతుకుతున్నది ఆ సోర్స్ మీదే. లైనస్ భయమూ న్యాయమే. జావా విషయంలో ఒరాకిల్ గూగుల్‌ని పదేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిప్పింది మరి.

2010లో సన్‌ని కొన్నది ఒరాకిలే. సీడీడీఎల్‌కి కొత్త వెర్షన్ రాసే హక్కూ దాని చేతిలోనే ఉంది. జీపీఎల్‌తో కలిసేలా ఒక్క వెర్షన్ రాస్తే చాలావరకు ముడి వీడుతుంది. అడగాల్సింది ఒరాకిల్‌ని.

నేనైతే ఎల్‌టీఎస్ కెర్నల్‌కి మారిపోయా. అప్‌డేట్ వస్తే ముందు ఓపెన్ జెడ్ఎఫ్ఎస్ రిలీజ్ నోట్స్‌లో ఏ కెర్నల్ దాకా సపోర్ట్ ఉందో చూస్తా, ఆ తర్వాతే రీబూట్.