పాపం చెప్పుకునే చోటు సంఘంలోనే ఉండాలి



అమెరికాలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం సాక్ష్యాల సమయం ఎలా సాగుతుందో మీకు తెలుసు. గ్రీన్‌కార్డు వచ్చిందని ఒకరు, ఇల్లు కొన్నామని ఒకరు, అమ్మాయికి మెడిసిన్‌లో సీటొచ్చిందని ఇంకొకరు మైకు దగ్గరికొచ్చి స్తోత్రాలు చెల్లిస్తారు. చెల్లించాల్సిందే, అవి దేవుడు చేసిన మేళ్లే. కానీ వెనక వరుసలో కూర్చున్న సోదరుడికి ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాడికి మరో కొలువు వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజుల గడువు. ఆ దిగులుతో రాత్రుళ్లు తాగుతున్నాడు, భార్య మీద అరుస్తున్నాడు. ఎవరితో చెప్పుకోవాలి? నోరు విప్పితే సాయంత్రానికల్లా "ఫలానా బ్రదర్ కుటుంబం కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పడుతుంది. మర్నాటికి గుంటూరులో వాళ్లమ్మకు ఫోన్ వెళ్తుంది. అందుకే "ఎలా ఉన్నారు బ్రదర్?" అంటే "దేవుని కృప" అనేసి కారెక్కుతాడు.

పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. దేవునితో ఒప్పుకుంటే చాలన్నట్టు మనం దాన్ని దాటిపోతున్నాం.

మనలో చాలా సంఘాలు అమెరికన్ చర్చి భవనాలు అద్దెకు తీసుకుని ఆరాధించేవే. అలాంటి భవనాల్లోనే వారం మధ్యలో ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు కూడుకుంటారు. 1935లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టిన కూటమి అది. వాళ్లకు ఒప్పుకోలు నేర్పింది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమమే. వాళ్ల 12 మెట్లలో ఐదోది, చేసిన తప్పులను దేవుని ముందూ, ఇంకో మనిషి ముందూ ఒప్పుకోవడం. క్రైస్తవుల దగ్గర వాళ్లు నేర్చుకుని నిలుపుకున్నదాన్ని మనం వదిలేశాం.

దాచిపెడితే ఏమవుతుందో కూడా చూశాం. చెన్నైలో పుట్టి, అట్లాంటా కేంద్రంగా ప్రపంచమంతా ప్రసంగించిన క్రైస్తవ బోధకుడు రవి జకరియాస్ 2020లో కన్నుమూశారు. 2021 ఫిబ్రవరిలో, ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల విచారణలో స్త్రీల పట్ల ఆయన లైంగిక దుష్ప్రవర్తన బయటపడింది. ఆయన బతికుండగా ఫిర్యాదు చేసిన స్త్రీ మాటను ఆ సంస్థ నమ్మలేదు.

మేం కోరేది ఇదీ. ప్రతి సంఘంలో ముగ్గురు నలుగురు చొప్పున, పురుషులు వేరుగా స్త్రీలు వేరుగా, నెలకు రెండుసార్లైనా కూర్చోవాలి. ముందు నోరు విప్పాల్సింది పాస్టర్‌గారూ పెద్దలూ. వాళ్లు తమ కోపం గురించో, డబ్బాశ గురించో, ఫోన్‌లో చూసే వాటి గురించో చెప్పనంతకాలం మామూలు విశ్వాసి చెప్పడు. వినేవాళ్లు వచనాలు అప్పజెప్పకుండా చివరిదాకా వినాలి. విన్నది ఇంట్లో భార్యకో భర్తకో కూడా చేరకూడదు, ప్రార్థన విన్నపం పేరుతో అసలే చేరకూడదు.

రెండు విషయాల్లో మాత్రం గోప్యత చెల్లదు. పసిపిల్లల మీద అఘాయిత్యం, ఇంట్లో కొట్టడం ఒప్పుకోలుతో సరిపెట్టే సంగతులు కావు. ప్రాణానికి ప్రమాదముంటే వెంటనే 911కి ఫోన్ చేయాలి. సంఘం పరువు అని ఎవరూ అడ్డుపడకూడదు.

వచ్చే బల్లారాధనకు ముందే మీ పెద్దల కూటంలో ఈ మాట ఎత్తండి. వాళ్లు కాదంటే, మీరు నమ్మే ఇద్దరిని ఇంటికి పిలిచి మీరే మొదలుపెట్టండి.