మేళము - మేళవింపు

బ్యాండు అనగానే తెలుగునాట పెక్కుమందికి పెండ్లి ఊరేగింపు ముందు బాకాలూదుచు, డ్రమ్ములు వాయించుచు నడచు మేళము స్ఫురించును. కళాశాల విద్యార్థులు నలుగురైదుగురు చేరి, ఒక హార్మోనియము, ఒక గిటారు, ఒక తబలా ముందుంచుకొని, విద్యుత్తుతో గాని యంత్రములతో గాని పనిలేక పాడుకొనుటకు కూర్చుకొన్న బృందమును గూడ నేడు ఆ పేరుతోనే పిలుచుచున్నారు. పేరు పరాయిదైనను పని పరాయిది కాదు. మేళమనగా కూడిక. శ్రుతి మేళవించుట యనగా వేర్వేరు ధ్వనులను ఒక్క స్వరమునకు తెచ్చుట. ఈ రెండు మాటలకును గల చుట్టరికము నెరిగిన ఉపాధ్యాయుడు విద్యార్థుల మేళమును కాలహరణమని త్రోసివేయజాలడు.

కాని త్రోసివేయుటయే తరచుగా జరుగుచున్నది. ప్రవేశపరీక్షల సాధనయే దినచర్యగా మారిన విద్యాలయములలో సాయంకాలపు గంట గూడ పాఠమునకే చెందును. పిల్లవాడు గిటారు పట్టినచో మార్కులు తగ్గునని తల్లిదండ్రుల భయము. ఆ భయము అర్థరహితమని యనుట న్యాయము కాదు. అప్పుచేసి చదివించుచున్న తండ్రికి ప్రతి గంటయు విలువైనదే.

ఈ భయమునకు సమాధానముగా సంగీతాభిమానులు సాధారణముగా చూపునది శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారి జీవితము. వారు అనంతపురములో ఇంజనీరింగు చదువునకు చేరి, టైఫాయిడు వలన దానిని విడిచి, పిదప మద్రాసులో ఏ. ఎం. ఐ. ఈ. చదువునకు చేరిరి. 1964లో అచ్చటి పాటల పోటీలో ప్రథమ బహుమతి నందిరి. 1966లో తమ తొలి చలనచిత్ర గీతమును పాడిరి. ఆ యౌవనదినములలో వారి నాయకత్వమున ఒక లలితసంగీత బృందము వెలసెను. అందు ఒక మిత్రుడు హార్మోనియము పట్టెను. ఇళయరాజాగారు గిటారును, తరువాత హార్మోనియమును వాయించిరి. వారి సోదరులలో భాస్కర్‌గారు తాళవాద్యములను, గంగై అమరన్‌గారు గిటారును చేపట్టిరి. 1983లో వెలువడిన 'సాగరసంగమము' చిత్రమునకు సంగీతదర్శకులుగా ఇళయరాజాగారును, గాయకులుగా బాలసుబ్రహ్మణ్యముగారును జాతీయ పురస్కారముల నందిరి.

ఉదాహరణము ఘనమైనదే, కాని వాదము బలహీనమైనది. మేళము కట్టిన వారందరును ఇళయరాజాలు కాజాలరు. కీర్తియే ఫలమైనచో, కీర్తి రాని వేలాది మేళములు వ్యర్థములని ఒప్పుకొనవలసి వచ్చును. ఆ బృందములోనే హార్మోనియము పట్టిన మిత్రుని పేరు నేటి సామాన్య శ్రోతకు తెలియదు. ఆతడు వాయించిన గంటలు వ్యర్థములైనవని ఎవరనగలరు? ఆనాటి పాట నిలిచినది ఆతడిచ్చిన శ్రుతి మీదనే కదా!

ఆ ఉదాహరణములో గ్రహింపదగిన విషయము వేరొకటి కలదు. ఒకరు హరికథకుని కుమారుడు, ఇంజనీరింగు విద్యార్థి, తెలుగువాడు. సోదరులు మువ్వురును తమిళనాటి పణ్ణైపురము నుండి, అన్నగారి ఊరూరు తిరుగు పాటల మేళము నుండి వచ్చినవారు. భాషయు, చదువును వేరైన వారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టినది మేళము. ఒకే తరగతిలో ఏడాది పొడుగునను కూర్చుండి పరస్పరము మాటాడని విద్యార్థులను చూచుచున్న ఉపాధ్యాయులకు ఈ సంగతి యొక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మేళము లోపల జరుగు విద్య ఎట్టిది? హార్మోనియపు రీడులను అప్పటికప్పుడు మార్చుటకు వీలులేదు. గిటారు తంతులను బిరడాలు త్రిప్పి బిగింపవచ్చును, సడలింపవచ్చును. తబలాను చిన్న సుత్తితో తట్టి శ్రుతి చేయవచ్చును. కనుక మారగలిగినదే మారలేనిదానికి తగ్గట్టు సర్దుకొనవలయును. ఇది ఓటమి కాదు, సంగీతమునకు మొదటి మెట్టు. గాయకుని కంఠమునకు ఆ శ్రుతి అందనిచో హార్మోనియము వాడును మెట్టు మార్చి వాయింపవలయును. పట్టుదల యొక్క హద్దు ఎచ్చటనో, సర్దుబాటు యొక్క మేలు ఎట్టిదో నీతిపాఠము లేకయే పదునెనిమిదేండ్ల పిల్లవానికి ఇచ్చట బోధపడును.

మైకు లేకపోవుట గూడ ఒక గురువే. మైకున్నచో మెల్లని గొంతును మీట త్రిప్పి పెంచవచ్చును. అది లేనిచోట తబలా వాడు తన చేయి తగ్గించినగాని మిత్రుని మాట వినబడదు. తాను తగ్గుటచే ఇతరుని వినబడజేయుట అన్న సంస్కారము ఏ ప్రశ్నపత్రములోను లేదు. కాని రేపు అదే విద్యార్థి ఉపాధ్యాయుడైనను, వైద్యుడైనను, ఇంటి పెద్దయైనను ఆతనికి ప్రతిదినమును కావలసినది అదియే.

ఇందుకు విద్యాలయము చేయవలసిన వ్యయము స్వల్పము: ఒక ఖాళీ గది, ఒక పాత హార్మోనియము, వారమునకు రెండు సాయంకాలములు. ఉపాధ్యాయుడు అచ్చట తీర్పరి కానక్కరలేదు, గది తాళము తీసి శ్రోతగా కూర్చున్న చాలును. వార్షికోత్సవమునకు మాత్రమే పిలిచి, మరునాడు మరచు పద్ధతి మానవలయును. విద్యార్థులును ఒక నియమము పాటింపవలయును. నేడు చేతిలోని ఫోనే శ్రుతి చూపును, పాట నందుకొని క్షణములో లోకమంతటికి పంపును. మొదటి పనికి దానిని వాడుకొనవచ్చును. రెండవ పనికి తొందరపడరాదు. తమలో తాము వినుట నేర్వకముందే లోకమునకు వినిపింపబోవు మేళము ఎక్కువకాలము నిలువదు.

2020 ఆగస్టులో బాలసుబ్రహ్మణ్యముగారు కోవిడుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇళయరాజాగారు ఒక దృశ్యసందేశమున వారిని త్వరగా లేచి రమ్మని పిలిచిరి. తమ స్నేహము చలనచిత్రములతో పుట్టినది కాదని, ఏనాటి కచ్చేరీలలోనో కలిసినదని గుర్తుచేసిరి. ఆ సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యముగారు కన్నుమూసిరి. పురస్కారములన్నియు నందిన పిదప గూడ ఆ కష్టకాలమున స్మరణకు వచ్చినది పాత మేళమే. పిల్లలకు అట్టి స్నేహము కలుగుటకు వారమునకు రెండు సాయంకాలములు వదలలేని విద్య ఎంతటిదో పెద్దలే ఆలోచింపవలయును.