కంటికి కనబడని బూజు



2023 జూన్‌లో అనకాపల్లిలో మా ఇంట పెండ్లి జరిగింది. మందిరంలో ఆరాధన ముగిశాక మా అమ్మగారు మెల్లగా ముందుకు వచ్చి, మనుమరాలి తలపై చెయ్యి వేసి దీవించారు. చూసినవారందరికీ కళ్లు చెమర్చాయి. ఫోటోలు తీసింది మా సంఘంలోని ఒక యువకుడు. అప్పుచేసి కొన్న పాత లెన్స్ అతనిది, పైకి మాత్రం కొత్తదానిలా మెరిసిపోతోంది.

ఫోటోలు వచ్చాక చూస్తే, అన్నిటిపైనా పొగ కమ్మినట్టుంది. కుడివైపున్న ముఖాలు అలికినట్టున్నాయి. మేము అతనిపై కోపపడ్డాము. అక్టోబరులో అమ్మగారు వెళ్లిపోయారు. అప్పుడా కోపం దుఃఖమైంది.

విశాఖపట్నంలో మరమ్మతు చేసేవారు ఆ లెన్స్‌ను విప్పితే, లోపలి అద్దాల మధ్య సాలెగూడులాంటి పోగులు కనబడ్డాయి. అది బూజు. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటి చాలాకాలం నిలిస్తే, చీకటిలో, గాలి ఆడని చోట అది పెరుగుతుంది. అద్దంపై ఉండే సన్నని పూతను తినేస్తుంది. తుడిస్తే పోగులు పోయాయి గాని తిన్న మచ్చ పోలేదు. పైగా లోపలి ప్లాస్టిక్ కట్టు అరిగి ఒక అద్దం పక్కకు ఒరిగింది. కుడివైపు మసక అందువల్లనే.

తప్పు ఎవరిది? కొంత తయారీది. చవకగా ఇవ్వాలంటే ఎక్కడో తగ్గించాలి గదా! కెనాన్ కంపెనీ 1987లో తెచ్చిన 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు, కెమెరాకు తగిలించే చోట లోహపు చట్రం ఉండేది. 1990లో వచ్చిన రెండవ రకంలో అక్కడ ప్లాస్టిక్ పెట్టారు, దూరం చూపే చిన్న కిటికీని తీసివేశారు. లోపలి అద్దాల అమరికను మాత్రం మార్చలేదు. ధర తగ్గింది గనుక కొద్దిపాటి సంపాదన గలవారు కూడా కొనుక్కున్నారు. 2015లో వచ్చిన తరువాతి రకంలో లోహపు చట్రం తిరిగి వచ్చింది. చవకదంతా చెడ్డది కాదు. ఎక్కడ తగ్గించారో తెలిసి కొనాలి, అంతే.

మరికొంత తప్పు మన భద్రతది. ఆ అబ్బాయి లెన్స్‌ను తోలు సంచిలో పెట్టి, వానాకాలమంతా బీరువాలో దాచాడు. బెల్లం దిమ్మను వానాకాలంలో అలా వదిలేస్తే ఏమవుతుందో అనకాపల్లివారికి చెప్పనక్కరలేదు. తేమ పీల్చి నీరు కారుతుంది. లెన్స్ నీరు కారదు, అందుకే మనం మోసపోతాము.

కొనేముందు, శుభకార్యానికి ముందు, ఇలా చూడండి. చీకటి గదిలో లెన్స్‌లోనికి ఏటవాలుగా టార్చి వేసి రెండువైపుల నుండీ చూస్తే పోగులు, మచ్చలు కనబడతాయి. జూమ్ లెన్స్‌ను కిందికి వంచండి, గొట్టం తనంతట తానే జారితే లోపల వదులైనట్టే. వార్తాపత్రికను గోడకు చదునుగా అంటించి, నేరుగా ఎదుట నిలిచి ఫోటో తీయండి. నాలుగు మూలల అక్షరాలూ ఒకే తీరున కనబడాలి. తోలు సంచి వద్దు. గట్టి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. నీలిరంగు గింజలు గులాబీరంగుకు తిరిగితే పొట్లాలను మార్చండి. వారానికొకసారైనా బయటకు తీసి వాడండి.

మళ్లీ రాని గడియను ఒక్క కెమెరాకే అప్పగించకండి. ఆనాడు వెనుక బెంచీలో కూర్చున్న ఒక చిన్నపిల్ల, తన తండ్రి ఫోనుతో ఒక ఫోటో తీసింది. కాస్త వంకరగా వచ్చింది గాని, అమ్మగారి చెయ్యి, మనుమరాలి కన్నీరు స్పష్టంగా ఉన్నాయి. ఈరోజు మా గోడమీద ఉన్నది ఆ ఫోటోయే.

దానికి పటం కట్టించి తెచ్చింది ఆ యువకుడే. మేము డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ముందుగా కోపపడినందుకు మేమే అతణ్ని క్షమాపణ అడిగాము.