బొమ్మల క్లాసు కాలక్షేపం కాదు

కాలిఫోర్నియా హైస్కూళ్లలో వచ్చే ఏడాది సబ్జెక్టులు ఎంచుకునే ఫారం సాధారణంగా చలికాలం చివర్లో ఇంటికొస్తుంది. ఆ రోజు తెలుగువారి ఇళ్లలో పెద్ద చర్చే నడుస్తుంది. లెక్కలు ఏ స్థాయిలో తీసుకోవాలి, కంప్యూటర్ సైన్స్ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏపీ కోర్సులు ఎన్ని సర్దగలం? ఇవన్నీ తేలాక మిగిలిన గడిలోకి ఆర్ట్ వస్తుంది. అదీ తప్పదు కాబట్టి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో గానీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో గానీ చేరాలంటే హైస్కూల్లో ఒక ఏడాది దృశ్య కళో, ప్రదర్శన కళో చదివి ఉండాలి. ఆ ఏడాది పూర్తయితే గండం గడిచిందనుకునే తల్లిదండ్రులు మనలో తక్కువేమీ కాదు.

పిల్లల చదువు మీద శ్రద్ధ లేక ఇలా జరుగుతోందని ఎవరూ అనలేరు. మనం చదువుకున్న చాలా బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. మాస్టారు బోర్డు మీద కుండో, మామిడికాయో గీసేవారు. దాన్ని ఉన్నదున్నట్టు దించినవాడికి మెప్పు. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్ కాస్తా లెక్కల మాస్టారి చేతికి వెళ్లిపోయేది. చెయ్యి తిరిగిన ఇద్దరు ముగ్గురికి అది సరదా, తక్కినవారికి కాలక్షేపం. ఆ కొలబద్దనే ఇక్కడి ఆర్ట్ రూముకూ వాడుతున్నాం. చిక్కంతా అక్కడే వస్తోంది.

2014లో వచ్చిన అమెరికా జాతీయ కళా ప్రమాణాలు, వాటి బాటలో 2019లో కాలిఫోర్నియా ఆమోదించిన ప్రమాణాలు కళా విద్యను నాలుగు పనులుగా చూస్తాయి. సృష్టించడం, నలుగురి ముందు పెట్టడం, చూసి స్పందించడం, జీవితంతో ముడిపెట్టడం. అందంగా గీయడం వీటిలో ఒక పనిలో ఒక భాగం మాత్రమే. ఈ సంగతి తెలియకపోతే ఇంటికొచ్చిన కాగితం మనకు అర్థం కాదు. పిల్లవాడు తన బూటును కాగితం వైపు చూడకుండా గీసి తెస్తాడు. గీతలన్నీ వంకరటింకరగా ఉంటాయి. 'ఇదేం బొమ్మరా' అనేస్తాం. నిజానికి ఆ అభ్యాసం చేతి కోసం పెట్టింది కాదు, కంటి కోసం పెట్టింది. బూటు ఇలా ఉంటుందని మనసులో ముందే ఉన్న గుర్తును పక్కనపెట్టి, ఎదురుగా ఉన్న బూటు అంచు వెంట చూపు నడవడం అందులో నేర్పే పాఠం.

స్కెచ్‌బుక్కూ అంతే. ఒకే ఆలోచనకు పది చిన్న చిన్న చిత్తుబొమ్మలు వేసి, తొమ్మిది కొట్టేసి, ఒకదాన్ని ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నావో రాయమంటారు టీచర్లు. తర్వాత తోటి పిల్లలంతా ఆ బొమ్మ చుట్టూ చేరి ఏం కనిపిస్తోందో, ఎక్కడ తికమకగా ఉందో చెబుతారు. విన్న పిల్లవాడు మళ్లీ కూర్చుని మార్చుకుంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజూ కోడ్ రివ్యూలకు కూర్చునే మనకు ఇదేమీ వింత కాకూడదు.

మార్కుల భాష కావాలన్నా ఇదే మాట. ఏపీ ఆర్ట్ అండ్ డిజైన్‌లో పిల్లలు పోర్ట్‌ఫోలియో సమర్పిస్తారు. అందులో 60 శాతం మార్కులు ఒక ప్రశ్నను పట్టుకుని చేసిన దీర్ఘ పరిశోధనకే. 15 చిత్రాలతో, రాతపూర్వక వివరణతో, ప్రయోగాలు చేశామని, దిద్దుకున్నామని చూపించాలి. పూర్తయిన 5 మంచి పనులకు దక్కేది 40 శాతమే.

కళ నేర్చుకుంటే లెక్కల మార్కులు పెరుగుతాయని కొందరు ఊరిస్తుంటారు. ఆ ఆశతో ఆర్ట్‌లో చేర్పించనక్కర్లేదు. హార్వర్డ్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఎలెన్ వినర్, లోయిస్ హెట్లాండ్ 2000లో పాత అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి, కళల వల్లే ఇతర సబ్జెక్టుల్లో మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. అయితే వారు అక్కడితో ఆగలేదు. మంచి ఆర్ట్ క్లాసులో ఏం నేర్పుతున్నారో దగ్గరుండి గమనించి 2007లో సహరచయితలతో కలిసి ఒక పుస్తకం తెచ్చారు. నిశితంగా చూడటం, పట్టు వదలకపోవడం, లేనిదాన్ని ఊహించడం, చేసినదాన్ని తానే తూచుకోవడం వంటి ఎనిమిది అలవాట్లు అందులో చెప్పారు. అవి వేరే సబ్జెక్టుకు ఊతకర్రలు కానక్కర్లేదు. వాటి విలువ వాటిదే.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. పిల్లల బొమ్మను మన చేత్తో దిద్దకుండా ఉండటం మొదటిది. 'చాలా బాగుంది' అని ఒక్క మాటతో తేల్చేయకుండా, 'ఈ రంగే ఎందుకు వేశావు, ముందు ఏమనుకుని మొదలుపెట్టావు' అని అడగడం రెండోది. ఫోటో చూసి అచ్చుగుద్దినట్టు దించడం నేర్పే శనివారం క్లాసులు చెడ్డవేమీ కాదు. వాటితో చెయ్యి కుదురుతుంది. అదొక్కటే ఆర్ట్ అనుకోవడమే పొరపాటు.

మన వారాంతపు తెలుగు బడులు కూడా దీని గురించి ఆలోచించాలి. పండగ వస్తే అచ్చువేసిన బొమ్మలిచ్చి రంగులు నింపమనడం మామూలైపోయింది. దాని బదులు ఏడు చుక్కల నుంచి నాలుగు వరకు సందు చుక్కలు పెట్టి, వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చో పిల్లల్నే కనుక్కోమంటే? అమ్మమ్మలు, నానమ్మలు వేసవికి ఇక్కడికి వచ్చినప్పుడు వారినే టీచర్లుగా కూర్చోబెట్టవచ్చు. ఒకే చుక్కల నుంచి పదిమంది పది ముగ్గులు తెస్తారు. చేర్యాల నకాశీ కళాకారులు పొడవాటి గుడ్డ మీద గళ్లు గళ్లుగా కథ చెప్పే పద్ధతి ఉంది. ఆ తీరులో తమ తాతల ఊరి నుంచి ఈ ఊరి దాకా సాగిన కుటుంబ ప్రయాణాన్ని గీయమంటే పిల్లలకు చెప్పడానికి కథ దొరుకుతుంది, దాంతోపాటు తెలుగు మాటలూ వస్తాయి.

పెద్దల ప్రోత్సాహం ఏం చేయగలదో మనకు తెలియనిది కాదు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపల్‌గా ఉన్న ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే కుర్రవాళ్లలోని కళను గుర్తించి వెన్నుతట్టాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు అలా ఎదిగినవారే. 1925లో, మూడు పదులు నిండకుండానే కన్నుమూసిన దామెర్ల బొమ్మలు నేటికీ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి.

చివరిగా డబ్బు సంగతి. 2022 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రపోజిషన్ 28ను ఆమోదించారు. దీనివల్ల ప్రభుత్వ బడులకు కళలు, సంగీతం కోసం ఏటా 90 కోట్ల డాలర్లకు పైగా అదనంగా అందుతోంది. 500 మంది, అంతకు మించి విద్యార్థులున్న డిస్ట్రిక్టులు అందులో కనీసం 80 శాతాన్ని సిబ్బంది నియామకానికే వాడాలి. పాత ఖర్చును ఈ డబ్బుతో పూడ్చకూడదు, కొత్తగా కార్యక్రమాలు పెంచాలి. ఏటా నివేదికను బోర్డు ఆమోదంతో వెబ్‌సైట్‌లో పెట్టాలి. మన పిల్లల బడి నివేదికను మనలో ఎంతమంది తెరిచి చూశాం? లెక్కల కోర్సు మారుస్తామంటే బోర్డు సమావేశానికి వెళ్లి మాట్లాడే మనం, ఆర్ట్ టీచరు పోస్టు ఖాళీగా ఉంటే ఎందుకు అడగం?

ఎంపిక ఫారంలో పిల్లలు చేరకపోతే సెక్షన్లు తగ్గుతాయి. సెక్షన్లు తగ్గితే టీచరు వెళ్లిపోతారు. అప్పుడు మన పక్కింటి పిల్లకు కూడా ఆ క్లాసు ఉండదు. అందుకే ఈసారి ఫారం ఇంటికొచ్చినప్పుడు ఆర్ట్ గడిని చివరికి వదిలేయకండి. ముందు పిల్లల స్కెచ్‌బుక్కు తెప్పించుకుని, పక్కన కూర్చుని, పేజీ పేజీ తిప్పి చూడండి. ఏం ఎంచుకోవాలో ఆ తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చు.