రంగు పోయిన నీరెల్ల సేద్యపు నీరు కాదు



అద్దకపు కార్ఖానాలనుండి వెడలు రంగునీటిని ఎండచేతనే తేటపరుపవచ్చునను మాట నేడు పలుతావుల వినవచ్చుచున్నది. ఇది కల్ల గాదు. గోడల తెల్లరంగులలో వాడు టైటానియం డయాక్సైడునకు ఈ గుణము గలదు. దానిపై వెలుతురు పడినపుడు నీరు సైతము విడివడునని జపానుదేశపు ఫుజిషిమా, హోండా అను శాస్త్రజ్ఞులు 1972లో ప్రకటించిరి. ఈ పదార్థమును గాజుపలకపై వెండ్రుకకంటె పలుచని పూతగా వేసి, ఎండలో నుంచి, రంగునీటిని దానిపై పారించినచో, రంగు క్రమముగా విరిగిపోవును. పొడిని నీట కలిపినచో మరల వడగట్టుట కష్టము. పూతకు ఆ బాధ తక్కువ.

ఐనను దీని మితిని గూడ ఎరుగవలెను. ఈ పనికి వలయు అతినీలలోహిత కిరణములు ఎండలో నూటికి సుమారు 5 పాళ్లే. నీటిరంగు చిక్కనైనచో వెలుతురు పూతను చేరనేరదు.

అంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. నూలుకు రంగు పట్టించుటకై లీటరు నీటికి 50 గ్రాములు, ఒక్కొకచో అంతకు మించియు, ఉప్పు కలుపుదురు. ఈ పూత రంగును విరుచునుగాని ఉప్పును ముట్టదు. పొలమును చవుడు చేయునది ఆ ఉప్పే.

ఇందుకు తమిళనాటి తిరుప్పూరే తార్కాణము. అచ్చట నొయ్యల్ నదిపై సేద్యమునకై 1992లో ముగించిన ఒరత్తుపాళయము ఆనకట్ట అద్దకపు మురుగునకు నిలయమయ్యెను. ఆయకట్టు రైతులు సంఘముగా జేరి న్యాయస్థానమున కెక్కిరి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ అద్దకపు కార్ఖానాలను మూయింప నాజ్ఞాపించెను. పిమ్మట ఉప్పును గూడ వేరుపరచు యంత్రములతో అవి మరల పనిచేయసాగెను. కావున ఉప్పును తీయుట అసాధ్యము గాదు. ఖర్చుతో గూడిన పని మాత్రమే.

నా అభిప్రాయమిది: క్రొత్త పూతను నిందింపవలదు, దానిని చూపి ఉప్పు ఖర్చును తప్పించుకొన నీయవలదు. కార్ఖానావారు తేటనీటిని చూపినపుడు కంటితో చూచి ఒప్పుకొనక, సీసాలో పట్టి పరీక్షశాలకు పంపి, విద్యుద్వాహకతను కొలిపింపవలెను. అది మీటరునకు 0.7 డెసీసీమెన్లకు లోబడినచో ఉప్పు భయము లేదు. 3 దాటినచో పెక్కు పైరులకు ముప్పు. కాలువలో నీరు తగ్గిన వేసవిలో ఈ పరీక్ష తప్పక జరుగవలెను. ఆ ఖర్చు ఒంటిరైతునకు బరువేమోగాని సంఘమునకు బరువుగాదు. వచ్చిన లెక్కను సభలో చదివి, సంఘపు పుస్తకమున వ్రాసియుంచవలెను; రేపు దావా పడినచో మనకు సాక్ష్యమదియే.