పెరటి రేగుపై గొడ్డలి ఎందుకు?

భోగినాడు పిల్లల తలపై పోయడానికి దోసెడు రేగుపండ్లు సైతం సంతలో కొనవలసి రావడం అనంతపురం వంటి మెట్ట జిల్లా పల్లెలకు వింతే. చాలీచాలని వానకు ఓర్చుకునే పండ్లచెట్లలో రేగు ముందుంటుంది. అయినా పెరట్లో దానికి చోటు తగ్గుతున్నది. కాయ చిన్నది, పుచ్చు జాస్తి అన్నది ఇంటివారి ఫిర్యాదు.

ఈ రెంటికీ చెట్టును నిందించి ప్రయోజనం లేదు. రేగు ఆ ఏడు వేసిన కొత్త కొమ్మలపైనే పూస్తుంది. వేసవిలో ఆకు రాల్చినప్పుడు కొమ్మలు కత్తిరించకుంటే ఏటేటా కాయ చిక్కిపోతుంది. నీడ పోతుందని కత్తి తగలనివ్వని ఇళ్లూ ఉన్నాయి! ఇక పుచ్చుకు కారణం పండు ఈగ. రాలిన కాయలోని పురుగు మట్టిలో దూరి, మళ్లీ ఈగగా లేస్తుంది. రాలిన కాయలను వెంటవెంటనే ఏరి నాశనం చేసి, ఎండాకాలంలో పాదు తిరగదవ్వితే ఈ పీడ చాలావరకు తగ్గుతుంది. ఈ పనికి పైసా ఖర్చు లేదు.

థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఆపిల్ రేగు అంట్లను కొందరు కొని నాటుతున్నారు. మంచిదే. అయితే అంటుకు దిగువన వచ్చే చిగుళ్లను గిల్లివేయకపోతే చివరకు మిగిలేది నాటు ముళ్లరేగే.

అసలు పాత చెట్టును వేళ్లతో పెకలించనక్కర లేదు. వేసవిలో మోడు చేస్తే కొత్త చిగుళ్లు వేస్తుంది. బలమైన వాటిని ఉంచి గోలా, ఉమ్రాన్ వంటి మేలురకాల కన్ను అంటు కట్టవచ్చు. ఉద్యాన శాఖవారు ఈ పనిని పల్లెల్లో నలుగురి ఎదుట చేసి చూపడం అవసరం.