వేల్సు దేశపు ఆహారపు తిరునాళ్ళు



వేల్సు దేశమునందలి అబెర్గవెన్నీ పట్టణమున ఏటేట సెప్టెంబరు మాసమున జరుగు ఆహారోత్సవమును చూచు అవకాశము నాకు లభించినది. తిరిగి వచ్చినది మొదలు నన్ను కలిసికొన్న మిత్రులందరును "అక్కడ ఏమేమి తింటిరి?" అని అడుగుచున్నారు. "అక్కడి రైతు ఏమి అమ్మెను? ఎవరికి అమ్మెను?" అని ఒక్కరును అడుగలేదు. ఈ పత్రికను చదువువారు రైతులు గనుక, తినుబండారముల ముచ్చటను క్లుప్తముగా ముగించి రెండవ ప్రశ్నకే ఎక్కువ చోటిత్తును.

వేల్సు ఇంగ్లండునకు పడమటనున్న కొండసీమ. వానలు మెండు. దుక్కిభూమి తక్కువ, పచ్చిక ఎక్కువ. జనసంఖ్య 30 లక్షలకు కొంచెము పైన. గొర్రెలు అందుకు ఇంచుమించు మూడు రెట్లు. వారికి స్వంతభాష కలదు. రైలు స్టేషను పలకలపై ఇంగ్లీషుతోపాటు ఆ భాషయు వ్రాసియుండును. లండనునుండి న్యూపోర్టు వరకు ఒక రైలు, అక్కడ దిగి మరియొక రైలు ఎక్కినచో అబెర్గవెన్నీ చేరుదుము. అస్క్ అను నదిలో గవెన్నీ అను చిన్న యేరు కలియుచోట, చుట్టును కొండలుండగా ఆ యూరు వెలసినది. నార్మను ప్రభువుల నాటి కోట శిథిలములు నేటికిని నిలిచియున్నవి. 1175వ సంవత్సరమున ఆ కోట ప్రభువు వేల్సు నాయకులను విందునకు పిలిచి, నమ్మి వచ్చినవారిని చంపించెను. అట్టి యూరికి నేడు దేశము నలుమూలలనుండి జనులు భోజనము కొరకే వచ్చుచుండుట వింతగా తోచినది. మఠమునకు చెందిన పాత ధాన్యపుకొట్టు ఒకటి కూడ అక్కడ కలదు. పూర్వము రైతుల పంటలో పదియవ వంతును అందు చేర్చెడివారు. మిషను బడిలో చదివినవాడను గనుక దశమభాగమను మాట నాకు చిన్ననాటినుండి తెలియును గాని, దానిని నింపిన కొట్టును కన్నులార చూచుట అదే మొదలు.

ఉత్సవమునకు ప్రవేశ రుసుము కలదు. చెల్లించినవారి ముంజేతికి ఒక పట్టీ కట్టుదురు. అది చూపి ఒక అంగళ్ల వరుసనుండి మరియొకదానికి పోవచ్చును. ముఖ్యమైన అంగళ్లు 1870-71 ప్రాంతమున కట్టిన సంత భవనములో నుండును. గడియారపు గోపురము గల పెద్ద కట్టడమది. సముద్రపు రాళ్లపై పెరుగు పాచిని గంటల తరబడి ఉడికించి, నల్లని ముద్దగా చేసి, ఓట్సు పిండితో కలిపి వేయించి తినుట ఆ దేశపు పాత అలవాటు. చూచుటకు మాడిన గోంగూరవలె నుండును. నాకు రెండవ ముద్ద దిగలేదు. పెనముపై కాల్చి పంచదార చల్లిన ఎండుద్రాక్ష బిళ్ళలు మాత్రము మన పిల్లలకు కూడ నచ్చును. గొర్రెపిల్ల మాంసము, తేనె, ఆపిలురసము పులియబెట్టిన పానీయము, రొట్టెలలో ఎన్నో తెగలు. ఇక చీజు. తెలుగు బైబిలులో దీనిని జున్నుగడ్డ యన్నారు గాని, మన జున్నుకును దీనికిని పోలిక లేదు. పాలను విరిచి, గట్టిపడిన ముక్కలను అచ్చులో పోసి, ఉప్పు పట్టించి, బరువు క్రింద నొక్కి నిలువచేసిన గడ్డ యిది. పాలు ఒక దినములో చెడును. ఈ గడ్డ నెలల తరబడి నిలుచును. పాడిరైతు పాలను దాచుకొను గాదె యిదియే యనవచ్చును.

ఆ కోటతో, ఆ కొట్టుతో చూచినచో ఈ ఉత్సవము నిన్నటిది. ఆ ప్రాంతపు రైతులు ఇరువురి చొరవతో 1999లో మొదలైనది. వేడుక కొరకు మొదలైనది కాదు, గతిలేక మొదలైనది. 1986లో బ్రిటను పశువులలో ఒక క్రొత్త జబ్బును వైద్యులు గుర్తించిరి. పశువు మెదడు స్పంజివలె తూట్లుపడి, కాళ్లు తడబడి, పిచ్చెత్తినట్లు కొట్టుకొని చచ్చును. జనులు దానికి పిచ్చి ఆవు జబ్బని పేరు పెట్టిరి. కారణమేమనిన, చచ్చిన జంతువుల మాంసమును ఎముకలను పొడిచేసి గడ్డి తిను పశువు దాణాలో కలుపుటయే. పాలు పెరుగుటకు మాంసకృత్తులు కావలెను. ఈ పొడి చవుకగా దొరకును. మిల్లువాడు కలిపెను, రైతు బస్తా కొనెను, ఆవు తినెను. 1988లో అట్టి దాణాను నిషేధించిరి గాని అప్పటికే ఆలస్యమైనది. జబ్బు సోకినట్లు తేలిన పశువులు 1,80,000కు పైన. 1996 మార్చిలో, ఆ జబ్బు మాంసము మూలమున మనుష్యులకు కూడ సోకియుండునని ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకొన్నది. వెంటనే ఐరోపా సమాఖ్య బ్రిటను గొడ్డుమాంసపు ఎగుమతిని ఆపివేసినది. జాగ్రత్త కొరకు చంపి కాల్చివేసిన పశువులు 40 లక్షలకు పైన. మనుష్యులలో ఆ రోగమున మరణించినవారు ఆ దేశమున 170 మందికి మించిరి. ఒక్క రోగపు పశువైనను లేని రైతు కూడ తన సరకు కొనువాడు లేక కూర్చుండెను. సరిగా ఆ దినములలోనే అబెర్గవెన్నీ రైతులు, తినువారిని తమ యూరికే పిలిచి, ఇదిగో మా సరకు, ఇది పండించినవారము మేమే, అడుగవలసినది అడుగుడు అని అంగళ్లు పెట్టిరి.

దూరదేశపు కథ యని దీనిని త్రోసివేయుటకు వీలులేదు. 2003లో మన దేశమునుండి పోయిన మిరప సరకులో సూడాన్-1 అను ఎర్రరంగు ఫ్రాన్సు దేశమున బయటపడినది. అది నూనెలకును మైనములకును వేయు రంగు, ఆహారములో నిషిద్ధము. అదే యేట ఐరోపా సమాఖ్య మిరపకాయలకును మిరపపొడికిని పరీక్షాపత్రము తప్పనిసరి చేసినది. 2005లో ఆ రంగు గల మిరపపొడి కలిసిన నాలుగు వందలకు పైగా ఆహారవస్తువులను బ్రిటనులో అంగళ్లనుండి వెనుకకు తీసికొనిరి. రంగు కలిపినవాడు మిరప పండించినవాడు కాడు. దాణాలో ఎముకలపొడి కలిపినవాడు ఆవును పెంచినవాడు కానట్లే. అయినను అనుమానము పంట పేరుమీద పడును, పంట పేరు మనది. కల్లములో ఎండిన కాయకును, సీసాలో చేరిన పొడికిని నడుమ ఎన్ని చేతులున్నవో ఆ రెంటి కొసలయందున్న ఇరువురకును తెలియదు. నష్టము మాత్రము ఆ ఇరువురిదే.

సంత భవనములో ఒక చీజు అంగడియొద్ద నేను చాలసేపు నిలిచితిని. అమ్ముచున్నావిడ తానే ఆవులను మేపి పాలు పితుకునట. వచ్చినవారు వేయు ప్రశ్నలు వినదగినవి. ఆవులు సంవత్సరములో ఎన్ని నెలలు పచ్చికమీద నుండును? చలికాలమున ఏమి పెట్టుదురు? పాలు కాచితిరా, పచ్చిపాలతోనే చేసితిరా? ఈ గడ్డ ఏ నెలది? ఆమె ఒక్కొక్కరికి ముక్క కోసి యిచ్చుచు ఓపికతో బదులు చెప్పెను. ఇన్ని ప్రశ్నలకు విసుగు కలుగదా యని నేనడుగగా, "ప్రశ్న వేసినవారే కొందురు. ముక్క తిని బాగున్నదని పోవువారు మరల రారు" అనెను. వెల ఊరి పెద్ద అంగడికంటె ఎక్కువే. బేరమాడినవారు మాత్రము నాకు కనబడలేదు. మన సంతలో మనము వెల చెప్పుటకు ముందే తగ్గింపునకు సిద్ధపడుదుము. ఏలయనగా మన సరకును గూర్చి వెల తప్ప మరేమియు మనము చెప్పుట లేదు.

ఆ చీజులలో కేర్‌ఫిల్లీ యను ఒక తెగ కలదు. వేల్సు బొగ్గుగనుల కూలీలు గనిలోనికి దిగునప్పుడు మధ్యాహ్నపు తిండిగా దీనిని తీసికొనిపోయెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వము పాలను చెడ్డారు అను మరియొక తెగకు మళ్లింపగా దీని తయారీ నిలిచిపోయి, యుద్ధము ముగిసిన కొన్నేండ్లకు గాని మరల మొదలు కాలేదు. అప్పటికి ఇంగ్లండు ఫ్యాక్టరీలు ఆ పేరుతో తామే చేసి అమ్మసాగినవి. 2018లో గాని, వేల్సు పాలతో వేల్సులోనే చేసినదానికి ప్రత్యేకముగా పేరు రక్షణ లభింపలేదు. అదియు 'సంప్రదాయ వేల్సు కేర్‌ఫిల్లీ' యను నిండు పేరునకే. మన గుంటూరు సన్నము మిరపకు 2010లో, బనగానపల్లె మామిడికి 2017లో ఇట్టి రక్షణయే లభించినది. ఆ సంగతి మన సభ్యులలో ఎందరికి తెలియునో చెప్పజాలను. తెలిసినవారు సైతము ఆ పేరును బస్తామీద వేసికొనక, వట్టి గోనెలో నింపి కమీషను కొట్టునకు చేర్చుచున్నారు. హక్కు పత్రము బీరువాలో నుండగా సరకు పేరులేక పోవుట నాకు బాధగా నున్నది.

ఇంతవరకు పొగడితిని. నచ్చనిదియు చెప్పవలెను.

అబెర్గవెన్నీలో 1863 మొదలు పశువుల సంత జరిగెడిది. మంగళవారము వచ్చెననిన చుట్టుపట్ల కొండపల్లెల రైతులు గొర్రెలను, పశువులను తోలుకొని వచ్చి, వేలములో అమ్మి, ఊరిలో సామానులు కొనుక్కొని పోయెడివారు. 2013 డిసెంబరులో ఆ సంతను మూసివేసిరి. రాగ్లన్ అను ఊరి దగ్గర పొలములలో క్రొత్త పశుకేంద్రము కట్టి అక్కడికి మార్చిరి. పాత స్థలములో 2018లో ఒక పెద్ద సూపరుమార్కెట్టు తెరవబడినది. మూయరాదని ఊరివారిలో అనేకులు పోరాడిరి, ఫలింపలేదు. ఊరి నడుమ పశువుల సంత పెట్టవలెనను పాత చట్టపు నిబంధన ఒకటి అడ్డురాగా, 2012లో దానిని కూడ రద్దుచేయించిరి. జిల్లా కౌన్సిలువారి వాదనలో న్యాయము లేకపోలేదు: పాత కట్టడములు శిథిలమైనవి, ఇరుకు వీధులలో లారీలు తిరుగుట కష్టము, క్రొత్తచోట వసతులు మెరుగు. అయినను నాకు తోచినది వ్రాయుచున్నాను. ఏ యూరు ఆహారమునకు పేరొందినదో ఆ యూరిలోనే రైతు తన పశువును తోలుకొని వచ్చుటకు చోటు లేకపోయినది. ఉత్సవమునకు వేలకొలది జనులు వత్తురు. కాని ఉత్సవము రెండు దినములు. తక్కిన 363 దినములు కొండమీది గొర్రెలకాపరికి వెల కట్టువారు వేరు. అంగడి అద్దె చెల్లించి, మంచి పొట్లములు కట్టి, నవ్వుచు మాటలాడగల నేర్పరి ఉత్సవములో బాగుపడును. మాటకారి కాని రైతు, చిన్న మంద గల రైతు, ఆ పట్టీలు కట్టుకొన్న గుంపులో నాకు అగుపడలేదు. టిక్కెట్టు కొని లోనికి రాలేని కూలివాడును అగుపడలేదు.

ఆ చిన్నరైతు ఎక్కడ నిలువగలడను ప్రశ్నకు జవాబు నాకు ఉత్సవములో గాక, అదే దేశపు వాయవ్య మూలనున్న ఒక పాలసంఘము చరిత్రలో దొరకినది. సౌత్ కార్నార్వన్ క్రీమరీస్ అను ఆ సంఘమును 1938లో జాన్ ఓవెన్ రాబర్ట్స్ అను ఆయన పూనికతో 63 మంది రైతులు కలిసి స్థాపించిరి. అది నేటికిని రైతులదే. చీజును, వెన్నను స్వంత ముద్రతో అమ్ముచున్నది. ఒక్కొక్కరుగా ఆ అరువదిముగ్గురిలో ఎవరును పెద్ద అంగళ్లవారితో సరిసమానముగా కూర్చుండి మాటలాడలేకపోయెడివారు. సహకారోద్యమమునకు ఆద్యుడని మన సహకార శిక్షణ తరగతులలో చెప్పుకొను రాబర్టు ఓవెన్ కూడ వేల్సువాడే. 1771లో న్యూటౌన్ అను ఊర పుట్టి, 1858లో ఆ యూరనే మరణించెను. అయితే సహకారమనగానే క్షేమమని భ్రమపడరాదు. డెయిరీ ఫార్మర్స్ ఆఫ్ బ్రిటన్ అను మరియొక రైతుల సంఘము 2004లో తన శక్తికి మించిన పాలఫ్యాక్టరీలను కొని, 2009 జూనులో దివాలా తీసినది. సభ్యులు పెట్టిన వాటాధనమే గాక, చివరి నెల పోసిన పాల సొమ్ము కూడ పోయినది. కట్టడములు పెరుగుచున్నప్పుడు లెక్కలు అడుగవలసినది సభ్యులే.

ఈ సంగతులు విన్న కొందరు మిత్రులు, మన జిల్లాలో కూడ ఆహారోత్సవము జరిపింతమని ఉత్సాహపడుచున్నారు. పందిళ్లు, తోరణములు, పెద్దల ఉపన్యాసములు, ఫోటోలు. నేను దానికి సమ్మతింపను. మనకు తిరునాళ్ళకు కొదువలేదు. అబెర్గవెన్నీనుండి తెచ్చుకొనవలసినది పందిరి కాదు, తినువాని ప్రశ్నకు రైతు ఎదుట నిలిచి బదులు చెప్పుట. అది వారపు సంతలోనే చేయవచ్చును.

కావున నా ప్రతిపాదన చిన్నది. సంఘము పేరిట వారపు సంతలో ఒక అంగడి తీసికొనవలెను. మొదటి యేడు మూడు సరకులు చాలును: దంచిన మిరపపొడి, కందిపప్పు, నెయ్యి. ప్రతి పొట్లముమీద ఏ గ్రామపు పంట, ఏ నెలలో కొట్టినది లేక కాచినది తెలుగులో వ్రాయవలెను. మిరపపొడిని ఏటికి రెండుసారులు పరీక్షకు పంపి, వచ్చిన కాగితమును అంగడి ముందు వ్రేలాడదీయవలెను, బాగున్నను, బాగులేకున్నను. అంగడిలో జీతగాడు గాక, వంతులవారీగా సభ్యుడే కూర్చుండవలెను. మొదట సిగ్గుపడుదురు. మన ఆడువారు ఈ పనికి మగవారికంటె ముందుగా అలవాటుపడుదురని నా నమ్మకము. సంతలో కూరగాయలమ్ము తల్లులను చూచినవారెవ్వరును కాదనలేరు. పశువుల దాణాను గూర్చియు ఒక మాట: సంఘము కొను దాణా బస్తాలో ఏమేమి ఎంతెంత కలదో వ్రాసి యివ్వని మిల్లునొద్ద కొనరాదని తీర్మానము చేయవలెను. తెలకపిండి, తవుడు, చిట్టు మనకు దొరకుచునే యున్నవి.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను. సంత పాటదారునకు ఇయ్యవలసిన ఆశీలు సంఘనిధినుండి చెల్లించుటయా, అంగడిలో సరకు పెట్టిన సభ్యులు పంచుకొనుటయా యనునది ఆనాడు తేల్చుకొనవచ్చును. తూకపు త్రాసు మాత్రము ముందుగా ముద్ర వేయించి తెచ్చుకొనుట మంచిది.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు